అటక మీది అడుగులు

1957 అక్టోబరు ఇరవై ఆరు, శనివారం. ఇథెల్‌కి ఆ తేదీ గుర్తుండిపోయింది. గొర్రెమాంసం, బంగాళాదుంపల పులుసులో అతను రొట్టె ముంచుకుని తింటుండగా, బయట వాన అందుకుంది. నెత్తిమీద చెక్క కిర్రుమంది. ముద్ద నోట్లోనే ఆగిపోయింది. అవి అడుగులే.

పలకరాతి గని వాళ్ళు పనివాళ్ళ కోసం కట్టించిన ఇళ్ళ వరుస అది. ఇంటికీ ఇంటికీ మధ్య మూరెడు మందం రాతిగోడ ఉందన్న మాటేగాని, అది గది కప్పు దగ్గరే ఆగిపోతుంది. రాయి ఆదా అవుతుందని పైకి లేపలేదు. అటకలన్నీ కలిసి ఒకటే పొడుగాటి గుహ. ఈ కొసన ఎక్కినవాడు ఆ కొసన దిగొచ్చు. ఇథెల్ మాత్రం భార్య ఎనిద్ పోయాక అటక తలుపుకి గొళ్ళెం పెట్టేశాడు, మళ్ళీ ఎక్కనేలేదు. ఆమె చేత్తో కుట్టిన ఉన్ని బొంత అక్కడే, పెట్టెలో ఉంది. ఆమెదంటూ మిగిలింది అదొక్కటే.

పక్కింట్లోకి వేసవిలో లోవ్రీ అనే విధవరాలు వచ్చి చేరింది. ఎదురుపడితే నవ్వేది. ఆ నవ్వు కూడా ఇప్పుడు ఇథెల్‌కి తేడాగా తోచింది. పైగా ఆ తర్వాత కూడా వాన పడ్డ రోజుల్లోనే ఆ అడుగులు.

"వానచప్పుడులో వినబడదని ధీమా! దొంగబుద్ధి అంటే అదేరా," అన్నాడు గనిలో పక్కన కూర్చుని పలకలు చీల్చే హువెల్. "బొంత ఉందో, సంతకెళ్ళిందో చూసుకో."

ఇథెల్ పెరట్లో రాళ్ళు, సున్నం పోగేశాడు. అటక మీద అడ్డంగా గోడ కట్టేస్తే పీడా పోతుంది. కానీ ముందు పట్టుకోవాలి. మళ్ళీ వాన పడ్డ సాయంత్రం లాంతరు పుచ్చుకుని నిచ్చెనెక్కాడు.

లోవ్రీ అతని పెట్టె పక్కనే వంగి ఉంది.

"ఏం వెతుకుతున్నావమ్మా నా పెట్టెలో?"

"వచ్చావా? బకెట్టు నిండింది. ఓ చెయ్యి వెయ్యి."

లాంతరెత్తాడు. పైన ఇంటికప్పుకి పరిచిన పలక ఒకటి జారిపోయి ఆకాశం కనిపిస్తోంది. పెట్టెను పక్కకి జరిపి, ఎవరో మైనపుగుడ్డ కప్పారు. అది లోవ్రీ వంటబల్ల మీద పరిచే గుడ్డే.

అయినా మనసు ఊరుకోలేదు. ఆమె చూస్తుండగానే మూత తీసి తడిమాడు. బొంత పొడిగా ఉంది.

"ఉందా? కుట్లు కూడా లెక్కపెట్టుకో," అంది లోవ్రీ.

అతను మూత దించేశాడు. "కారుతోందని చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? నీ గుమ్మంలో ఓ మాటంటే వరుసంతా వింటుంది. ఊరందరి కప్పులకీ పలకలు చీల్చిన చెయ్యి నీది. నీ కప్పే కారుతోందని తెలిస్తే, ఆదివారం ప్రార్థనకెళ్ళినప్పుడు చాపెల్ మెట్ల మీద నిన్ను బతకనిస్తారా? ఎప్పుడో నువ్వే చూసుకుంటావులే అనుకున్నా." బకెట్టు ఎత్తుకుంది. "పెరట్లో రాళ్ళు చూశాన్లే. గోడ కట్టుకుంటే కట్టుకో. ముందు పలక బిగించు."

"రేపు తెల్లారగానే బిగిస్తా."

"అందాకా నీ బకెట్టు పెట్టుకో మరి. ఇది నాది."

అతను తన బకెట్టు తెచ్చి చినుకు కింద పెట్టాడు. ఆమె అడుగులు అటువైపు దిగిపోయేదాకా ఆగాడు. తర్వాత కిందికి దిగి, గొళ్ళెం జోలికి పోకుండా, అటక తలుపు మెల్లగా మూశాడు.