ముద్ర ఉన్న కప్పు

నేను ఒక పింగాణీ కప్పుని. చైనాలో బట్టీలో కాలాను. అమెరికాలో పేరుమోసిన ఒక విశ్వవిద్యాలయం ముద్రని ఆ బట్టీ దగ్గరే నా ఒంటికి అతికించారు. ఓడెక్కి వెళ్ళి ఆ విశ్వవిద్యాలయం దుకాణంలో, టోపీల పక్కన కూర్చున్నాను.

నన్ను కొన్నది శేషుకుమార్ గారు. భీమవరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ మేష్టారు. సెలవుల్లో బావమరిది ఇంటికి వచ్చి, ఊరు చూస్తూ చూస్తూ దుకాణంలోకి దూరారు. తరగతి గది గుమ్మం తొక్కలేదు. నన్ను సంచిలో వేసుకుని బయటపడ్డారు. అదే ఆయన అమెరికా చదువు.

కాలేజీలో నన్ను బల్లమీద, ముద్ర గుమ్మం వైపు తిరిగేలా పెట్టారు. ఎవరో "అక్కడ చదివారాండీ?" అంటే చిన్నగా నవ్వారు. ఔననలేదు, కాదనలేదు. వారం తిరక్కుండా ఆ నవ్వు పీహెచ్‌డీ అయి కూర్చుంది. పిల్లలు పరీక్షకి వెళ్తూ నన్ను తాకి కళ్ళకద్దుకునేవారు. ఆయుధపూజ నాడు ల్యాబులో యంత్రాలకి బొట్లు పెడుతూ నాకూ ఒకటి పెట్టారు. ఒక్కడూ నవ్వలేదు. కొట్లో సరుక్కి దణ్ణాలు పెట్టే ఈ చదువుకున్నవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

పక్కగదిలో సువర్చల మేడమ్ ఉండేవారు. ఈ జిల్లాలోనే చదువుకున్న మనిషి. ప్రిన్సిపాల్ రిటైరైన దగ్గర్నుంచి కాలేజీని ఒంటిచేత్తో ఈడ్చుకొస్తున్నారు. ఆ కుర్చీ తనకే వస్తుందని నమ్మారు. నమ్మడం ఆవిడ తప్పు కాదు.

చేపల చెరువుల మీద సంపాదించి కాలేజీ పెట్టిన ఛైర్మన్ బుల్లబ్బాయి గారు ఒకరోజు ఇద్దర్నీ పిలిపించారు. శేషుకుమార్ గారు నన్నూ పట్టుకెళ్ళారు, పెన్నులు పెట్టుకోవడానికట.

"మేడమ్ గారు బాగా పన్జేత్తారు, కాదన్ను. కానీ అమెరికా చదువు అమెరికా చదువేనండి. మీరు అక్కడ ఏ ఏడు చదివారో చెప్పండి శేషుకుమార్ గారూ, బ్రోచర్లో ఏయించేద్దాం."

అచ్చులో పడితే దొరికిపోతారు మరి. ఆయన మొహం పాలిపోయింది.

"నేనక్కడ చదవలేదండి. ఊరికే చూడ్డానికెళ్ళాను. ఇది కొట్లో కొన్నాను."

సువర్చల మేడమ్ చప్పున తలెత్తారు. ఆవిడ కళ్ళలో ఆశ చూసి నేనూ సంబరపడ్డాను. సిగ్గులేదు నాకు, ఇన్నేళ్ళు వీళ్ళ మధ్య ఉండి కూడా.

బుల్లబ్బాయి గారు నన్ను చేతిలోకి తీసుకుని ముద్రని బొటనవేలితో ఆప్యాయంగా తుడిచారు.

"పోన్లెండి. మీరు కనీసం చూసొచ్చారు. ఆవిడ అదీ చూళ్ళేదు గదా!"

సాయంత్రం సువర్చల మేడమ్ బాధ్యతలు అప్పగించడానికి వచ్చారు. లైబ్రరీ, ల్యాబు, హాస్టలు తాళాలు బల్లమీద పెట్టబోతుంటే, కొత్త ప్రిన్సిపాల్ గారు నన్ను ముందుకు జరిపారు.

"ఇందులో వేసెయ్యండి మేడమ్."

వేశారు. ఆ దెబ్బకి పగిలిపోతే బాగుండుననుకున్నాను. పగల్లేదు.