రబ్బరు పీకలో జిగురు

పశువుల ఆసుపత్రిలో పదహారేళ్లుగా కాంపౌండరుగా చేస్తున్న మనిషికి పేడ వాసన ఒక లెక్క కాదు. అయినా అక్కావాళ్ల పాకలో అడుగు పెట్టగానే ఆమె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. తడిసి ముద్దయిన గడ్డి మీద మూడు రోజుల దూడ సోలిపోయి ఉంది. తోకా, వెనక కాళ్లూ పసుపుపచ్చటి నీళ్ల విరేచనంతో అట్టకట్టుకుపోయాయి. కళ్లు గుంటలు పడ్డాయి. మెడ మీది తోలు పట్టి వదిలితే మడత అలాగే నిలబడిపోయింది.

"పక్షం రోజుల్లో ఇది మూడోది మరదలా. ముందు రెండూ పోయాయి" అన్నాడు బావ.

"ముర్రుపాలు ఎప్పుడు పట్టారు?"

"మొన్న పొద్దున ఆవు ఈనింది. మాయ పడ్డాక సాయంత్రం పట్టాం."

ఆమె పళ్లు కొరికింది. రోగాన్ని తట్టుకునే శక్తి దూడకు ఆ పాలతోనే వస్తుంది. పుట్టిన గంటా రెండు గంటల్లో పట్టాల్సినవి!

"దేంతో పట్టారు?"

అక్క గోడకు వేలాడుతున్న సీసా తెచ్చింది. ఆమె రబ్బరు పీక తిరగేసింది. లోపల పచ్చగా పేరుకున్న జిగురు, అందులో చచ్చిన ఈగ. కుళ్లు కంపు గుప్పున కొట్టింది.

"రోజూ కడుగుతూనే ఉన్నాం" అన్నాడు బావ, పేడ తేలుతున్న కుడితి తొట్టి చూపిస్తూ.

"అయితే నువ్వో గుక్క తాగు బావా!"

పీకను అతని మూతి దాకా తెచ్చింది. సరసమనుకుని నవ్వబోయాడు. వాసన తగలగానే గోడ పట్టుకుని భళ్లున కక్కేశాడు.

అక్క జాలిపడలేదు. "వేడినీళ్లతో కడుగుదామంటే నాది చాదస్తమన్నావుగా, ఇప్పుడు కక్కు" అంది.

దూడను పొడిగడ్డి మీదికి మార్చారు. ఉప్పు, పంచదార, చిటికెడు వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లు శుభ్రమైన సీసాతో కొంచెం కొంచెంగా తాగించారు. మధ్యాహ్నం డాక్టరుగారొచ్చి సెలైన్ ఎక్కించి, విరేచనం పరీక్షకు పంపారు. రోగానికి కారణం మురికి వల్ల పేగుల్లో చేరిన సూక్ష్మక్రిములేనని తేలింది. మూడోరోజుకు దూడ లేచి నిలబడింది.

తరవాతి వారం ఇంకో ఆవు ఈనింది. బావ తనే పొదుగు కడిగి, బొడ్డుకు అయోడిన్ రాసి, గంటలోపే ముర్రుపాలు పట్టాడు. ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటూ మరదలికి గ్లాసు నిండా పాలు అందించాడు.

"ఇప్పుడే తాగొచ్చాను బావా" అని అబద్ధమాడింది. ఆ ఇంట్లో పాలు గొంతు దిగడానికి ఆమెకు మరో ఆర్నెల్లు పట్టింది.