దీనమ్మ పలక

"ఇంకెవరున్నారు, నువ్వే చూడు" అన్నాడు మా ఆయన. బంగళా స్నానాలగది గుమ్మం అవతలే నిలబడ్డాడు, పైపంచె కొస ముక్కుకు అడ్డం పెట్టుకుని.

పొద్దున తుడిచిన నేల మళ్లీ తడిసింది. మంగుళూరు నుంచి తెప్పించిన ఎర్ర బిళ్లల నేల అది. రోజూ కొబ్బరిపీచుతో తోమి నిగనిగలాడేట్టు ఉంచేది నేనే. దాని మీద సీమ నుంచి ఓడలో వచ్చిన తెల్ల పింగాణీ కమోడు. వెనకటి చెక్కపెట్టె కమోడు లాంటిది కాదు, గొలుసు లాగితే పైనున్న తొట్టిలోంచి నీళ్లు దిగి అంతా కడుక్కుపోయే రకం. గిద్దలూరు నుంచి కంభం దాకా ఇట్లాంటిది ఇంకొకటి లేదని మా ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. ఇప్పుడు దాని మీద చెయ్యి వేస్తే పాలపన్ను లాగా ఊగుతోంది. ఊగినప్పుడల్లా పాదం కింద నుంచి నీళ్లు ఊరి బిళ్లల సందుల్లోకి పాకుతున్నాయి. వాసన సంగతి చెప్పక్కర్లేదు.

దొరా దొరసానీ ఎండలకు కొడైకెనాలు కొండకు పోయారు. వాళ్లు లేనన్నాళ్లూ బంగళా మా ఆయన చేతిలో ఉంటుంది. ఆయన పేరు కృపావరం, మిషను కాంపౌండులో లెక్కలు రాసే రైటరు. తాళంచెవుల గుత్తి నడుముకు కట్టుకుని తిరుగుతాడు, పడుకునేటప్పుడు దిండు కింద పెట్టుకుంటాడు. కాంపౌండులో వాళ్లు దణ్ణం పెట్టేది ఆయనకో ఆ గుత్తికో నాకు ఇప్పటికీ తెలియదు. జీతం ఆయనది. బావి నీళ్లు మోసి పైతొట్టి నింపడం, నేల తోమడం, కమోడు కడగడం నావి. వాటికి జీతం లేదు, వాటిని సాయం అంటారు. ఆ రోజు పొద్దున కూడా నీళ్లు మోస్తుంటే మా పక్కింటి సంతోషమ్మ గోడ పట్టుకుని కూలబడి కనిపించింది. నెలలు నిండుతున్నాయి దానికి, పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. "పొద్దు గుంకే దాకా ఓర్చుకోలేకపోతాండా అక్కా, కంపల్లోకి ఇంకెన్నిసార్లు పోయేది" అంది. నా తలమీద కుండ ఉంది. దాటి వచ్చేశాను.

సోమవారానికి నెల్లూరు నుంచి పాదిరిగార్లు వచ్చి బంగళాలో దిగుతారు. కమోడు అమర్చిన మేస్త్రీ మిలిటరీ పనుల్లో చేరి ఎటో పోయాడు. యుద్ధం రోజులు, సిమెంటు దొరకదు. ఊళ్లో పాకీపని చేసే తోటివాణ్ణి పిలుద్దామంటే మా ఆయనకు నామోషీ.

"వాడు ఊరంతా చాటుతాడు, బంగళా సామాను చెడగొట్టినారని. దొర చెవిన పడితే నా మాటేంది?" అన్నాడు.

"అయితే మీరు ఒక చెయ్యి వెయ్యండి. ఒక్కదాన్నే ఎత్తలేను."

"నేనా? ఆ పని నేను చేస్తే రేపు వాక్యం చెప్పేటప్పుడు నా మొహం ఎవరు చూస్తారు?"

ప్రార్థన కూటంలో ఆయన ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. "మన తాతలు ఊరి మురికి ఎత్తినారు. ప్రభువు మనల్ని ఆ పని నుంచి విడిపించినాడు. మన చేతులు ఇంక ఎవరి మురికీ ఎత్తవు" అంటాడు. అందరూ ఆమేన్ అంటారు. నేనూ అంటాను. ఆ చేతుల్లో నా చేతులు లేవన్న సంగతి కాపరానికి వచ్చిన కొత్తల్లోనే తెలిసింది, అయినా ఆమేన్ అనడం మానలేదు.

అంతకు ముందే ఆయన ఒక వైద్యం చేయించి ఉన్నాడు. మిషను గుడి గోడలు కట్టినప్పుడు చూశాడట, సున్నంలో బెల్లం నీళ్లు కలిపితే రాయిలాగా పడుతుందని. నా చేతనే కలిపించి, కమోడు పాదం చుట్టూ గట్టులాగా పూయించాడు. పైకి ఎత్తి అడుగున ఏముందో చూద్దామంటే "పైన మూసేస్తే నీళ్లు యాడికి పోతాయి?" అన్నాడు. నీళ్లు ఎక్కడికీ పోలేదు, లోపలే నిలిచి కుళ్లాయి. బెల్లానికి మాత్రం చీమలు వచ్చాయి. కాంపౌండులో ఉన్న చీమలన్నీ దొరసాని స్నానాలగదికి బారులు కట్టాయి. ఇంకొక రోజైతే నవ్వేదాన్నేమో.

చీర ఎగదోపుకుని కూర్చుని ఇనప చువ్వతో ఆ సున్నం గట్టంతా పెళ్లగించాను. కమోడును రెండు చేతులా కావలించుకుని పక్కకు ఒరిగించాను. గొట్టం మూతి చుట్టూ మేస్త్రీ పెట్టిన లప్పం ఎండి పొడి అయిపోయింది, ఆ సందులోంచే మురుగంతా పైకి వస్తోంది. చేత్తో తీసి బొక్కెనలో వేశాను. నా బుగ్గ ఆ పింగాణీకి ఆనింది. చల్లగా ఉంది.

"జాగర్త, పగిలితే ఇంకొకటి రాదు. దాని విలువ నీకు తెలీదు" అన్నాడు ఆయన గుమ్మం అవతల నుంచి.

దాని విలువ నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

అది వచ్చిన మొదటి ఎండాకాలమే దీనమ్మకు నెత్తురు బేదులు పట్టుకున్నాయి. దీనమ్మ మా ఒక్కగానొక్క కూతురు, అప్పటికి దానికి పదో ఏడు. మా వరస ఇళ్లకు మరుగు లేదు. ఆడవాళ్లం చీకటితో ఒకసారి, పొద్దు గుంకినాక ఒకసారి కాంపౌండు గోడ అవతల కంపల్లోకి పోతాం. మధ్యలో కడుపు ఏమన్నా సరే బిగబట్టుకోవాలి. బేదులకు పొద్దు తెలుస్తుందా. మిట్టమధ్యాహ్నం బిడ్డను భుజాన వేసుకుని ఆ కంపల్లోకి పరుగెత్తేదాన్ని. బోర్డింగు పిల్లలు బావికి పోయే దారి అదే. కొంగు విప్పి రెండు చేతులా చాపి దానికి అడ్డంగా పట్టుకునేదాన్ని. కొంగు వెనక నుంచి "అమ్మా, ఎవురన్నా చూస్తాండారా?" అని అడిగేది. ఎవరూ లేరని అబద్ధం చెప్పేదాన్ని. "నువ్వు గూడా చూడొద్దు, అటు తిరుగు" అనేది. అటు తిరిగి, చేతులు వెనక్కి చాపి, ఎండలో నిలబడేదాన్ని.

దాని కాళ్లలో సత్తువ పోయాక ఆయన్ని అడిగాను. బంగళా ఖాళీగా ఉంది, తాళంచెవి మీ నడుముకే ఉంది, బిడ్డను ఆ గదిలోకి తీసుకుపోతాను, నీడన ఉంటుంది, తలుపు వేసుకోవచ్చు, అంతా నేనే కడుగుతాను అన్నాను. "ఎవర్ని అడిగి తెరిసేది? నమ్మి నా చేతికిచ్చి పోయినారు. ఈ పొద్దు మన పిల్లకు తెరిస్తే రేపు కాంపౌండంతా వచ్చి నిలబడతాది" అన్నాడు. కాళ్లు పట్టుకున్నాను. "పొద్దు గుంకే దాకా ఓర్చుకోమను" అన్నాడు. ఆ సాయంత్రం లోపలే, కంపల నుంచి తీసుకొస్తుంటే, నా భుజం మీద మెడ వాల్చేసింది.

వానలు పడ్డాక దొరసాని కొండ దిగి వచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "ఎందుకు తెరవలేదు? నేను వద్దు చెప్పలేదు కదా" అంది, తనకు వచ్చిన నాలుగు ముక్కల తెలుగులో. ఆయన పక్కనే ఉన్నాడు. పైపంచె సర్దుకున్నాడు.

మా వైపు ఆడవాళ్లం మొగుణ్ణి పేరు పెట్టి పిలవం, బిడ్డ పేరు మీద పిలుస్తాం. ఆయన్ని నేను దీనమ్మ నాయనా అని పిలిచేదాన్ని. మట్టి ఇచ్చి వచ్చిన రోజు అన్నానికి లేవమని అలాగే పిలిచాను. "ఇంక అట్ల పిలవొద్దు" అన్నాడు, గోడవైపు తిరిగి. బాధ తట్టుకోలేక అన్నాడనుకుని ఊరుకున్నాను. ఆ తర్వాత ఆ పేరు ఆయన నోటి నుంచి రాలేదు. భోజనం ముందు ప్రార్థనలో ఊళ్లో రోగులందరి పేర్లూ చెబుతాడు, చచ్చిపోయిన మా అత్త పేరు చెబుతాడు, దాని పేరు చెప్పడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి "దీనమ్మకు నేను తలుపు తీయలేదు" అంటే చాలు, ఇద్దరం కలిసి ఏడుద్దామని కనిపెట్టుకుని ఉన్నాను. ఆయన్ని పిలవడానికి నాకిప్పుడు పేరు లేదు. ఇదిగో అంటాను, వింటున్నారా అంటాను.

కిటికీ అద్దాలకు వాడే లప్పం సామాన్ల గదిలో డబ్బా అడుగున కొంచెం మిగిలి ఉంది. మెత్తగా పిసికి గొట్టం మూతి చుట్టూ మందంగా పెట్టాను. కమోడు దాని మీదకు దింపి బరువంతా వేసి నొక్కాను. సందు మూసుకుంది గానీ కమోడు ఊగడం మానలేదు. ఒక పక్క బిళ్లలు కుంగి ఉన్నాయి, ఆ పక్క పాదానికి నేల అందడం లేదు. ఊగుతూ ఉంటే లప్పం మళ్లీ విడిపోతుంది.

"ఏదన్నా పలచగా, గట్టిగా ఉండేది కావాల. చెక్క నానిపోతాది, రేకు తుప్పు పడతాది" అన్నాను.

ఆయన ఇంటికి పోయాడు. కాసేపటికి వచ్చి పైపంచె చెరుగులోంచి నల్లరాతి ముక్కలు గుమ్మంలో కుమ్మరించి, కాలితో లోపలికి తోశాడు. మార్కాపురం రాయి, పలకలకు వాడేది. పలచన, నీళ్లకు ఏమీ కాదు. మంచివే తెచ్చాడనుకున్నాను. ఒక్కొక్కటే తీసి పాదం కింద దూరుస్తూ ఉంటే ఒక ముక్క మీద గీతలు వేలికి తగిలాయి. వెలుతురుకు పెట్టి చూశాను. మేకుతో గీకి రాసిన 'దీ'. గుడి దీర్ఘం పెద్దదై పక్కకు వంగిపోయి ఉంది. అది అలాగే రాసేది, ఎన్నిసార్లు దిద్దించినా.

"ఇది యాడిది?" అన్నాను.

"అటక మీద ఊరకే పడున్నింది కదా. చట్రం పొయ్యిలోకి పనికొస్తాదని పక్కన పెట్టినా."

ఊరకే పడి లేదు. దాని పాత పరికిణీలో చుట్టి, దూలం పక్కన, ఎలుకలు అందుకోని చోట పెట్టాను. ఆయన ఆ పరికిణీ విప్పాడు. పలక బయటికి తీశాడు. రాయి మీద పెట్టి కొట్టాడు. కోపంతో చేసినా నాకు కొంత నయంగా ఉండేది. ఆయనకు ఏ కోపమూ లేదు, నేను అడిగిన వస్తువు తెచ్చిపెట్టాడు, అంతే.

"ఇది ఎవురి పలక?" అన్నాను. ఇప్పుడన్నా చెబుతాడేమోనని ఆయన మొహం కేసి చూస్తూ కూర్చున్నాను.

"ఎవురిదైతే ఏంది? పని కానియ్యి, ఎండెక్కతాంది" అన్నాడు.

నా లోపల ఇన్నాళ్లూ కనిపెట్టుకుని ఉన్నదేదో అప్పుడు లేచి వెళ్లిపోయింది. ఏడుపు కూడా రాలేదు. మిగిలిన ముక్కలన్నీ దూర్చాను. కమోడు ఇంకా కొంచెం కదులుతోంది. నా చేతిలో ఆ ఒక్క ముక్కే మిగిలింది. చాలాసేపు పట్టుకున్నాను. కొంగుతో తుడిచి, అక్షరం పైకి ఉండేట్టు పెట్టి, అరచేత్తో తట్టి లోపలికి పంపాను. కమోడు కదలడం మానేసింది.

"మనిషి కూచుంటే గానీ తెలీదు, నిలిచిందో లేదో" అన్నాను.

"నువ్వు కూచుంటావా ఏంది? చేత్తో అదిమి చూడు చాలు" అన్నాడు. "కడిగేసి తాళం పెట్టి గుత్తి తెచ్చియ్యి. నేను పోయి పాదిరిగార్లకు వేసే పందిరి పని చూసొస్తా." గుత్తి తలుపుకే వేలాడుతోంది. ఆయన పైపంచె దులుపుకుని వెళ్లిపోయాడు.

నేల కడిగాను. చేతులు సబ్బుతో తోముకున్నాను. తర్వాత తలుపు వేసుకుని, గడియ పెట్టి, దాని మీద కూర్చున్నాను. ఇన్నేళ్లు కడిగాను గానీ కూర్చోవడం అదే మొదలు. గోడలు మందం, గది చల్లగా ఉంది. జాలీ కిటికీ ఎత్తున ఉంది, ఎవరికీ ఏమీ కనపడదు. ఇక్కడెవరూ చూడరు తల్లీ, అన్నాను పైకే. ఆ మాట విన్నాక ఏడుపు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఎంత ఏడ్చినా కమోడు మాత్రం ఊగలేదు.

లేచి తలుపు తీసేసరికి సంతోషమ్మ చెంబు పట్టుకుని కంపల వైపు పోతోంది. నాలుగడుగులు వేయడం, గోడ పట్టుకుని ఆగడం. పిలిచాను. దగ్గరికొచ్చి లోపలికి తొంగిచూసి వెనక్కి తగ్గింది.

"వద్దక్కా. రైటరయ్య చూస్తే?"

"నేను బయట నిలబడతా. గడియ పెట్టుకో. అయినాక ఆ గొలుసు లాగు" అన్నాను.

"ఊగుతాదేమో, పడిపోతానేమో."

"ఊగదు" అన్నాను.

ఆయన తిరిగి వచ్చేసరికి నేను మూసిన తలుపుకు ఆనుకుని ఉన్నాను. గుత్తి నా కొంగుకు ముడేసి ఉంది. లోపల గొలుసు లాగిన చప్పుడు, నీళ్లు దిగిన చప్పుడు వినపడ్డాయి. ఆయన నన్ను చూశాడు, తలుపును చూశాడు.

"లోపలెవురు?"

"సంతోషమ్మ. కానుపయ్యే దాకా ఈడికే వస్తాది. ఆ తర్వాత కాంపౌండులో ఎవురికి బాగలేకపోతే వాళ్లు వస్తారు."

గుత్తి కోసం చెయ్యి చాపాడు. "ఎవర్ని అడిగి తెరిసినావు?" అన్నాడు, అప్పటి మాటే, అప్పటి గొంతుతోనే.

"దీనమ్మని అడిగి తెరిసినా, దీనమ్మ నాయనా" అన్నాను.