ఆగితే లేస్తాడు

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, పేడ సాన్పు చల్లి, గొర్ల దొడ్డి తలుపు తీసేదాకా కోడలు త్రివేణి మీద అత్త బీరమ్మకు ఏ ఫిర్యాదూ ఉండేది కాదు. ఆ తర్వాత త్రివేణి అరుగు మీద కూర్చుని బూట్ల తాళ్లు కట్టుకునేది. అక్కడే బీరమ్మకు కడుపు మండేది. చంటిపిల్లాడున్న కోడలు ప్యాంటు వేసుకుని మర్రిగూడ రోడ్డు మీద పరిగెత్తడమేమిటని ఆమె బాధ. కోడలు కానిస్టేబుల్ రాత పరీక్ష పాసైనప్పుడు ఊరంతా మెచ్చుకుంది, బీరమ్మా మెచ్చుకుంది. రాత పరీక్షకు ఇంట్లో కూర్చుని చదివితే సరిపోయింది కదా. దాని తర్వాత ఈవెంట్స్ అని ఉంటాయనీ, ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తాలనీ, దూరం దూకాలనీ, ఇనుప గుండు విసరాలనీ ఆమెకు ముందుగా ఎవరూ చెప్పలేదు.

"పిలగాడు లేస్తే ఎవరు చూస్తరు? నేను చాయ్ తాగాల్నా, వాన్ని ఎత్తుకోవాల్నా?" అని మొదటి రోజే అడిగింది.

త్రివేణి తాళ్లు బిగించి రోడ్డెక్కింది. తిరిగొచ్చేసరికి బీరమ్మ రెండో గ్లాసు చాయ్ కూడా తాగేసి తీరిగ్గా కూర్చుని ఉంది. పిల్లాడు గిరిగాడు కదలకుండా నిద్రపోతున్నాడు. తల్లి వాకిట్లో ఆగి ఊపిరి పీల్చుకుందో లేదో, లేచి కూర్చుని ఏడుపందుకున్నాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడు ఆమె బయల్దేరే వేళకు వాడు మేలుకునే ఉన్నాడు, చేతిలో సకినం ముక్క పట్టుకుని ఆడుకుంటున్నాడు. తల్లి కాళ్లు రోడ్డు మీద పరుగందుకున్నాయి, వాడు సకినం చేతిలో ఉండగానే పక్కకు ఒరిగిపోయాడు.

దాంతో సంగతి తేలిపోయింది. కొందరు పిల్లలు తల్లి చెవి పట్టుకుంటే తప్ప పడుకోరు, కొందరిని బండి మీద ఊరంతా తిప్పాలి. గిరిగాడు తల్లి పరిగెత్తుతున్నంతసేపు పడుకుంటాడు, ఆగితే లేస్తాడు. ఊళ్లో ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. పక్కింటి నర్సింగమ్మ మాత్రం, "మావోడు గిట్లుంటే నేను గిట్ల లావయ్యేదాన్నా" అని నవ్వి తన పనిలో తాను పడిపోయింది.

ఆ రోజు నుంచి బీరమ్మ బూట్లను తిట్టడం మానేసింది. మట్టి అంటితే తానే దులిపి ఎండలో పెట్టేది. అత్త మనసు మారిందని త్రివేణి సంబరపడింది. పిచ్చిది, ఆ సంబరం నెల్లాళ్లు కూడా నిలవలేదు.

"గొర్లకు మందు తాపాలె. వాడు కాళ్లల్ల కాళ్లల్ల తిరుగుతాండు, జర ఉరికిరా" అనేవాడు భర్త పరశురాములు. చుట్టాలొస్తే ఉరకాలి. బీరమ్మకు నడుం పట్టేస్తే ఉరకాలి. టీవీలో సీరియల్ మంచి పట్టు మీదున్నప్పుడు పిల్లాడు గోల చేస్తే, అన్నం తింటున్న కోడలి వైపు ఇంట్లో అందరూ ఒక్కసారి చూసేవాళ్లు. ఆమె చెయ్యి కడుక్కుని బూట్లు వేసుకునేది. అంట్లు, బట్టలు, దొడ్డి, వంట, ఇప్పుడు పరుగు. తన కోసం మొదలుపెట్టుకున్న ఒక్క పనినీ ఇంటివాళ్లు ఇంటిపనిలో కలిపేసుకున్నారు.

అసలు చిక్కు మరొకటుంది. పరీక్షకు కావాల్సింది వేగం. వేగంగా ఉరికితే ఎవరైనా అలసిపోతారు, ఆగాల్సి వస్తుంది. ఆగితే వాడు లేస్తాడు, వాడు లేస్తే అత్త మొహం మాడ్చుకుని "గింతలనే అయిపోయిందా" అంటుంది. అందుకని త్రివేణి నెమ్మదిగా, చాలాసేపు ఉరకడం అలవాటు చేసుకుంది. అదే పరీక్షకు తయారవుతున్న పక్క ఊరి ప్రణీత ఒకరోజు రోడ్డు మీద కలిసి మొహమాటం లేకుండా అనేసింది.

"అక్కా, గిట్ల ఉరికితే నువ్వు దేవరకొండ దాంక పోతవ్ గని, రెండు రౌండ్లు టైముల కొట్టలేవ్. పానం పెట్టి ఉరుకాలె, ఆగాలె, మళ్ల ఉరుకాలె."

"ఆగితే మావోడు లేస్తడు."

"లేస్తే లేవనీ. వాళ్ల నాయిన లేడా?"

త్రివేణికి నవ్వొచ్చింది. నాయిన ఉన్నాడు. "వాడు నా చేతిల ఉండడు" అంటాడు. నిజమే, వాణ్ని ఆ చేతుల్లో ఎప్పుడు ఉంచారు గనక?

కానీ ప్రణీత మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. వచ్చే నోటిఫికేషన్ నాటికి త్రివేణికి వయసు దాటిపోతుంది, ఆమెకు ఇదే ఆఖరిసారి. అందుకని ఊరి బయటి కల్వర్టు మోరీ నుంచి ఇంటిదాకా ఉన్న ముక్కలో మాత్రం, ఎవరూ చూడకుండా, ఊపిరి తెగేలా పరిగెత్తేది. ఆ తర్వాత ఆగిపోకుండా వాకిట్లో గుండ్రంగా తిరుగుతూ మెల్లగా రొప్పు దించుకునేది. సొంత పరీక్షకు దొంగతనంగా తయారైంది.

ఈవెంట్స్ డిసెంబర్‌లో, నల్లగొండలో పడ్డాయి. పత్తి పగిలి ఏరడానికొచ్చిందని పరశురాములు తోడు రాలేదు. ప్రణీతతో కలిసి మొదటి బస్సెక్కింది త్రివేణి. గ్రౌండ్ గేటు బయట ఫోన్లు అప్పజెప్పే బల్ల ఉంది. ఫోన్ ఇచ్చేముందు ఇంటికి చేసింది.

"పత్తి చెల్కల ఉన్నం" అన్నాడు పరశురాములు. "గుంత ఒడ్డున తుమ్మచెట్టు కింద అవ్వ గొంగడి పర్సింది. నీడ ఆడనే ఉంది. నువ్వు షురూ చేసిందాక వాన్ని ఎత్తుకుని ఉంటది. వాడు పన్నంక మేం అవతలి మూలకు పోయి ఏర్కుంటం. పొద్దుమీకిందాక ఫికర్ లేదు."

గొర్ల నీళ్ల కోసం తవ్వించిన గుంత అది. మనిషి నిలువెత్తు లోతు, చుట్టూ కంచె కూడా లేదు.

"పొద్దుమీకిందాక ఏంది? రెండు రౌండ్లే ఉరికేది! ఒడ్డుకు పండవెట్టకుండ్రి!"

"ఆఁ? ఇనవడ్తలేదు" అన్నాడు. లైన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

ఇంటి దగ్గర ఊరికే ఉరికేదే గంటసేపైతే, సర్కారు నౌకరీ కోసం ఉరికేది పొద్దంతా ఉంటుందని బీరమ్మ లెక్క. ఎంత దూరమని కోడలిని ఇన్ని నెలల్లో ఒక్కరూ అడగలేదు.

ఆమె బ్యాచ్‌ను పిలిచారు. త్రివేణి గేటు దగ్గర నిలబడి ఆలోచించింది. తను ఉరకకపోతే వాడు మేలుకుని అత్త చంకలో ఉంటాడు. ఉరికి ఆగితే నీళ్ల పక్కన ఒంటరిగా లేస్తాడు. అసలు ఉరకకుండా ఉండాల్సిందని తర్వాత ఊళ్లో చాలామంది అన్నారు. అన్నవాళ్లకేం, వాళ్లకు ఆఖరిసారి అనేది లేదు. ఉరికి, ఆగకుండా ఉంటే చాలనుకుంది త్రివేణి. ఫోన్ బల్ల మీద పెట్టి లోపలికి నడిచింది.

మోరీ నుంచి ఇంటిదాకా దొంగిలించి దాచుకున్న వేగమంతా ఆ రెండు రౌండ్లలో బయటికొచ్చింది. ప్రణీత కంటే ముందే గీత దాటింది. ఇంకా బోలెడు టైముంది. మిగతావాళ్లు గడ్డి మీద పడిపోయి రొప్పుతున్నారు. త్రివేణి మాత్రం మూడో రౌండు అందుకుంది.

"ఓ అమ్మా, అయిపోయింది, పాసైనవు, ఆగు" అని అరిచింది అక్కడున్న మహిళా ఎస్సై.

"ఆగితే మావోడు లేస్తడు మేడం. నీళ్ల గుంత పక్కన పండవెట్టిన్రు."

ఎస్సైకి పిల్లలున్నట్టుంది, వెంటనే అర్థమైంది. "అయితే ఉరుక్కుంటనే ఎత్తు కొలిచేకాడికి పో" అంది.

త్రివేణి ఉరుకుతూనే వెళ్లింది. కొలిచే కర్ర కింద నిలబడిన చోటనే కాళ్లాడిస్తూ ఉంది. కొలిచే మనిషి చెడ్డవాడు కాదు. అడ్డపట్టీ దించుతూ ఎత్తుతూ చాలాసేపే ప్రయత్నించాడు.

"మడిమలు కిందికి ఆనాలె తల్లీ. ఒక్క నిమిషం నిలవడు, అయిపోతది."

ఒక్క నిమిషం. గొంగడి నుంచి నీళ్లదాకా పోవడానికి గిరిగాడికి అంత కూడా పట్టదు. త్రివేణి ఆ కర్రను ఒకసారి చూసి గేటు వైపు తిరిగింది.

"బయటికి పోతే మళ్ల రానియ్యరు, ఎరికేనా?" అంది గేటు దగ్గరి కానిస్టేబుల్.

"ఎరికే" అంది త్రివేణి.

ఫోన్ తీసుకుని మర్రిగూడ వైపు రోడ్డు పట్టింది. చెవి దగ్గర ఫోన్ మోగుతూనే ఉంది, అవతల ఎవరూ ఎత్తడం లేదు. మెకానిక్ షెడ్లు దాటింది, టిఫిన్ బండ్లు దాటింది. ఛాతీ మీద నంబరు గుడ్డతో ఉరుకుతున్న ఆమెకు జనం జరిగి దారిచ్చారు. ఊరు దాటాక పొలాలొచ్చాయి. నోరెండిపోయి, పక్కటెముకల కింద పొడుస్తుండగా పరశురాములు గొంతు వినిపించింది.

"ఎందుకు గన్నిసార్లు చేస్తున్నవ్? చేతుల నిండ పత్తుండె."

"గిరిగాడు... గుంత..."

"ఏం గుంత? వాడు ఎప్పుడో లేసిండు. నువ్వు షురూ చేయంగనే పన్నడు. మేం మూలకు పోయి ఒడి నింపకముందే గొంగడి గుంజుకుంట మా ఎనకాల్నే వచ్చిండు. గంత జల్ది ఆగినవంటే ఓడినవేమో అనుకున్నం. ఓడినవా?"

త్రివేణి కాళ్లు ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాయి. ఫోన్లో, భర్త మాటల వెనక, గిరిగాడు పత్తికుప్ప మీద పడి కేరింతలు కొడుతున్నాడు.

రోడ్డు మధ్యలో ఆగిపోయింది. అవతల నవ్వు ఆగలేదు. బిడ్డ బతికున్నాడన్న సంతోషం ముందు వచ్చి ఆమె అక్కడే కూలబడింది. దాని వెనక వచ్చినదాన్ని కోపం అంటే చిన్నమాట అవుతుంది. లారీవాడొకడు హారన్ కొట్టేదాకా అట్లాగే కూర్చుంది.

"పిలగాండ్లు పాలు మరుస్తరు, తొట్టెల మరుస్తరు. వీడు నీ ఉరుకుడు మర్సిండు. దానికేంది?" అంది బీరమ్మ, కోడలు ఇల్లు చేరాక. పాసై బయటికొచ్చేసిన సంగతి చెబితే, "పోనీ తియ్, అందరికి ఒస్తయా నౌకర్లు" అని గిన్నెలు ముందుకు జరిపింది. పరశురాములు కాళ్లు కడుక్కుని వచ్చాడు. అన్నం పెట్టమన్నాడు. ఆ సాయంత్రం ప్రణీత ఫోన్ చేసింది, తను అన్నిట్లో పాసైందట. త్రివేణి మంచిగైందని చెప్పింది. మనస్ఫూర్తిగానే చెప్పింది, తర్వాత చాలాసేపు దొడ్డిలో గొర్ల మధ్య నిలబడింది.

తెల్లారి వాకిలి ఊడ్చి, సాన్పు చల్లి, దొడ్డి తలుపు తీసి, అలవాటు కొద్దీ అరుగు దగ్గరికి వచ్చింది. బూట్లు ఉండే చోట లేవు.

"ఎటు?" అంది బీరమ్మ.

"ఉరికొస్త."

"ఎందుకు? వాడు పంటలేడు గద. ఇగ నీ ఉరుకుడుతోని ఎవ్వలకేం పని?" అంటూ గిరిగాణ్ని తెచ్చి కోడలి చంకలో పెట్టి, పత్తి ఏరడానికి బయల్దేరింది. చెల్కలో పల్లేరుకాయలు ఎక్కువని బూట్లు తనే వేసుకుంది. తాళ్లు కట్టుకోవడం రాక వాటిని లోపలికి దోపుకుంది. త్రివేణి చూస్తూ నిలబడింది. బూట్లు బీరమ్మ కాళ్లకు సరిగ్గా సరిపోయాయి.