సీసాలో పచ్చ మిడత

బావమరిది టీ కప్పు నోటిదాకా తెచ్చి ఆగిపోయాడు. "బావా, మీ కంచెలో ఆ మిడత చెవులకి తూట్లు పొడిచేస్తోంది. పియానోలు శ్రుతి చేసేవాడివి, నువ్వెలా భరిస్తున్నావయ్యా?"

"అలవాటైపోయిందిలే," అన్నాడు అతను.

అతనికి ఏ మిడతా వినబడలేదు.

బావమరిది గేటు దాటాడో లేదో, అతను ఖాళీ సీసా పట్టుకుని కంచె దగ్గరికి పరుగెత్తాడు. కొయ్యకుండా వదిలేసిన గడ్డి మోకాళ్ల దాకా ఉంది. ముళ్లు చేతుల్ని గీరేస్తున్నా ఒక్కో ఆకునీ తిప్పి చూశాడు. చివరికి ఒక ఆకుకి మీసాలు కదిలాయి. వేలెడంత పచ్చ మిడత. దాన్ని పట్టుకుని సీసాలో వేసి, గదిలోకి తెచ్చి, బల్ల మీద పెట్టి, సీసాకి చెవి ఆనించాడు.

మిడత రెక్కలు ముడుచుకుని కదలకుండా కూర్చుంది. ప్రాణం లేచి వచ్చినట్టయింది. ఈ నిశ్శబ్దం దానిది, తనది కాదు.

కానీ ఎంతసేపని? పోయిన వారమే సంగీతం టీచరమ్మ అంది: "పియానోలో కుడి చివర, ఆ సన్నటి స్వరాల మెట్లు ఏదో తేడాగా పలుకుతున్నాయండీ." అప్పుడు నెపం గాలిలో తేమ మీదకి నెట్టేశాడు. రేపు నాటకశాలలో పెద్ద పియానో శ్రుతి చేయాలి. అక్కడ దేని మీదకి నెడతాడు?

దాని చోటు నుంచి పీకి తెస్తే ఏ ప్రాణి మాత్రం పాడుతుంది? మళ్లీ వెళ్లి గడ్డి, కంచె రెమ్మ తెచ్చి సీసాలో దూర్చాడు. మూతి మీద పలచటి గుడ్డ కట్టి కిటికీలో ఎండకి పెట్టాడు. మిడత రెమ్మ ఎక్కింది. కాళ్లు సర్దుకుంది. రెక్కలు విప్పి ఒకదానితో ఒకటి రాయడం మొదలుపెట్టింది, అంచులు మసకబారేంత జోరుగా.

గోడ గడియారం వినిపిస్తోంది. వంటింట్లో గిన్నె వినిపిస్తోంది. తన గుండె కూడా వినిపిస్తోంది. గుడ్డకి చెవి అదిమాడు. పాడు, పాడవే, నీకు పుణ్యముంటుంది.

"ఏమేవ్, ఇలా రా ఒకసారి! ఇదేమైనా అరుస్తోందా?"

భార్య వచ్చి పక్కనే నిలబడింది. సీసానీ, నెత్తురు చారలు కట్టిన అతని చేతుల్నీ, అతని మొహాన్నీ చూసింది.

"లేదండీ! మూగదేమో!" అంది, పిండిమర హోరులో నిలబడి మాట్లాడేవాళ్లలా గొంతు పెంచి.

అతను చెవి తీయలేదు.

"మెల్లగా చెప్పు," అన్నాడు. "నాకు నీ మాట ఒక్కటే వినిపిస్తోంది."