ఇంటికి మాత్రమే బీమా

నేను ఒక గుంట మగ్గాన్ని. గోదావరి జిల్లాలో, సముద్రపు గాలి తగిలే ఒక నేతపేటలో, ముందుగది నేల తవ్వి నన్ను దింపారు. నేసేవాడు గోతి అంచున కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, అడుగునున్న చెక్కలు తొక్కుతాడు. పైనుంచి చూసేవారికి నేల్లోంచి మొలిచినట్టు కనిపిస్తాను.

నన్ను చేయించినవాడు సింహాద్రయ్య. టేకు తనే ఎంచి, వడ్రంగి పక్కన కూర్చుని సాధించి మరీ చేయించుకున్నాడు. ఆయన నడుము వంగాక కొడుకు భావనారాయణ చేతికి వచ్చాను. కొడుకు జాందానీ నేత నేర్చాడు. ఒక్కో పువ్వూ చేత్తో ఎక్కించాలి. చీరకు నెలలు పట్టేది. అంత శ్రమపడి నేసినదాన్ని మనుషులు బీరువాలో దాచుకుంటారట.

పెంకుటిల్లు తీసి శ్లాబు వేసినప్పుడు, అప్పిచ్చిన బ్యాంకువారు ఇంటికి బీమా చేయాలన్నారు. వివరాలు రాసుకోవడానికి ఒక ఉద్యోగి వచ్చాడు.

“ఇది ఇంటికి మాత్రమేనండి. వరదొచ్చి గోడలూ నేలా తలుపులూ పాడైతే ఇస్తారు. లోపల సామానుక్కూడా కావాలంటే విడిగా రాయించుకోవాలి. పనిముట్లుంటే అవీ చెప్పాలి.”

భావనారాయణ భార్య కాంతామణి నవ్వింది. “మా సామానేటండీ, రెండు బిందెలూ ఓ మంచవూను. వరదొస్తే మంచమెక్కి బిందెలు ఒళ్లో ఎట్టుకుంటాం.”

“మరి మగ్గం?”

“మగ్గం సామానేటండి బాబూ,” అన్నాడు భావనారాయణ. “సామానంటే మోసుకెళ్లేది. ఇది నేల్లో దిగుంది. ఇల్లూ ఇదీ ఒకటేనండి.”

ఆ పేటలో ఇళ్లను గదులతో చెప్పరు. ఒంటి మగ్గం ఇల్లు, రెండు మగ్గాల ఇల్లు అంటారు. అలాంటి చోట మగ్గం ఇల్లు కాదని ఎవరికి తోస్తుంది? నాకూ తోచలేదు.

కొన్నేళ్లకు, ఎడతెగని వానల్లో, ఎగువన ఏటిగట్టు తెగింది. పొద్దున్నే వీధిలోకి నీళ్లు వచ్చాయి. గడప దాటిన నీళ్లు ముందుగా నా గోతినే వెతుక్కున్నాయి. భావనారాయణ కత్తెర తెచ్చి, ముగింపుకొచ్చిన చీర దగ్గర ఆగిపోయాడు.

“పడుగు కోసెయ్యి మావా, నేసినంతైనా దక్కుద్ది,” అంది కాంతామణి.

“ఇంకో మూరెడైతే కొంగు పూర్తయిపోద్దే.”

“నీళ్లకి చెప్పు ఆ మాట,” అంటూ ఆమె అతని భుజం పట్టి మేడమీదికి లాక్కుపోయింది. కత్తెర నా మీదే ఉండిపోయింది.

నీళ్లు తీశాక చూస్తే గోతి ఇటుకలు కూలిపోయాయి. నా చెక్కలు ఉబ్బి, ఎండకు పగిలి, మెలి తిరిగాయి. చీర బురదలో కలిసిపోయింది. “నీకేంట్రా, బీమా బాబువి,” అని వెక్కిరించారు ఇరుగుపొరుగు. అతనూ ఆ ధైర్యంతోనే ఉన్నాడు.

బీమా సర్వేయరు వచ్చి గోడల మీద నీటి చారలు కొలిచాడు. భావనారాయణ అతన్ని నా దగ్గరికి తీసుకొచ్చాడు. “ముందిది రాయండి బాబూ.”

“ఇది రాయలేనండి. మీ పాలసీ ఇంటికి. సామానుకు లేదు.”

“సామాను కాదండి.” భావనారాయణ గోతి అంచున కూర్చుని కాళ్లు బురదలోకి వదిలాడు. “చూడండి. ఇప్పుడు నేను ఇంట్లో కూచున్నానా, మగ్గంలో కూచున్నానా? మీరే చెప్పండి.”

సర్వేయరు ఫోను జేబులో పెట్టుకుని గోతిలోకి వంగి చూశాడు. “గొయ్యి ఇంటిదేనండి. కట్టుబడి కూలింది, అది రాస్తాను. మగ్గం మాత్రం నా చేతుల్లో లేదు.”

వచ్చిన డబ్బుతో గోడలు బాగయ్యాయి, కొత్త తలుపులు వచ్చాయి. “గొయ్యి పూడ్చేస్తే గది కలిసొస్తుంది కదమ్మా,” అన్నాడు మేస్త్రి. కాంతామణి భర్త వైపు చూసింది. “కట్టు,” అన్నాడు అతను. మేస్త్రి సిమెంటుతో నున్నగా కట్టాడు. అంత మంచి గొయ్యి మా ఇంట్లో ఎన్నడూ లేదు. అందులో దింపడానికి మగ్గం లేదు. కొత్తది కొనే స్తోమతు వాళ్లకు లేదు. భావనారాయణ ఇప్పుడు షావుకారు షెడ్డులో కూలికి నేస్తున్నాడు. ఎవరైనా కాలు జారి పడతారని నా చెక్కల్నే గోతి మీద పరిచారు.

బీమా గడువు దగ్గర పడ్డాక, మొదట వివరాలు రాసుకున్న ఉద్యోగే మళ్లీ వచ్చాడు. ఈసారి కాంతామణి మంచం, ఫ్యాను, బిందెలు అన్నీ అడిగి మరీ రాయించింది.

“పనిముట్లు?” అన్నాడతను మెల్లగా.

“ఏమీ లేవండి,” అన్నాడు భావనారాయణ.

“అక్కడో వరుస ఖాళీగా వదలండి బాబూ,” అంది కాంతామణి.

“ఖాళీ వరుసకు బీమా ఉండదమ్మా. మగ్గం కొన్నాక చెప్పండి, చేరుస్తాం.”

“తెలుసండి. అయినా వదలండి.”

అతను వదిలాడు. ఆ మాట అన్నప్పుడు ఆమె నా మీదే నిలబడి ఉంది.