ఒలూమి సభ్యురాలు లేవలేదు

ఫ్యాను రెక్కకు పట్టిన సాలెగూడు కూడా దాంతోపాటే తిరుగుతోంది, ఎవరూ దులపరు, దులపాలంటే ఎవరో ఒకరు లేవాలి, అదిగో మళ్ళీ అదే మాట, పొద్దుటి నుంచి దేన్ని చూసినా లేవడం దగ్గరికే వచ్చి ఆగుతోంది, అందరూ భోజనాలకు వెళ్ళాక ఖాళీ సభలో లుసాని తల దించుకుని తను కూర్చున్న చాపను చూసుకుంది, ఒలూమి దీవి ఆడవాళ్ళు అల్లి పంపిన చాప, తలావె దీవుల శాసనసభలో ఏ దీవి సభ్యులు ఆ దీవి చాప మీదే కూర్చోవాలి, బిల్లుకు ఒప్పుకుంటే కూర్చునే ఉండాలి, ఒప్పుకోకపోతే లేచి నిలబడాలి, ఇంతకంటే తేలికైన పని లోకంలో ఏముంది, పొద్దున మొదటి ఓటుకు స్పీకరు అడిగాడు, ఒలూమికి వెళ్ళే ఓడను ఆపే బిల్లు ఇది, ఒప్పుకోనివాళ్ళు లేవండి అని, అందరి మెడలూ ఆమె వైపు తిరిగాయి, ఏ దీవి సంగతికి ఆ దీవి సభ్యులు లేస్తే చాలు, బిల్లు అక్కడితో ఆగిపోతుంది, సభ పుట్టిననాటి కట్టుబాటు అది, ఒక్క మనిషి, రెండు మోకాళ్ళు, అంతే కావలసింది, ఆమె లేవలేదు.

ఎలా లేస్తుంది, ఆ స్పీకరు తొమాసి తన సొంత మేనమామ, ఒలూమిలో మేనమామ కూర్చుని ఉండగా మేనకోడలి తల ఆయన తలకంటే పైకి పోకూడదు, ఇంట్లో ఆయన ముందు నుంచి మంచినీళ్ళు తేవాలన్నా వంగి పాకుతూ తేవాలి, డిగ్రీ పట్టా చేతికొచ్చిన రోజున కూడా మోకాళ్ళ మీదే వెళ్ళి చూపించింది, మన వంశంలో మొదటి పట్టా అమ్మాయ్ అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, ఆ మనిషి ఎదుట నిటారుగా ఎలా నిలబడుతుంది, అందుకే లేవలేదు, అంతే కదా, అంతే, అయితే మరి భోజనాల గంట కొట్టగానే పక్క చాప పెద్దమనిషి, మీ దీవి మర్యాదలు ప్రభుత్వానికి భలే కలిసొచ్చాయండీ, అని నవ్వినప్పుడు తనెందుకు నవ్వింది, వరండాలో మామయ్య భుజం తట్టి, మధ్యాహ్నం ఆఖరి ఓటు, పొద్దున కూర్చున్నట్టే కూర్చో అమ్మాయ్, చేపల శాఖలో ఉపమంత్రి పదవి నీకోసం అట్టే పెట్టించాను, అన్నప్పుడు, అలాగే మామయ్యా అన్న మాట అంత చప్పున నోట్లోంచి ఎలా ఊడిపడింది, తడుముకోనైనా తడుముకోలేదే.

బయట పచ్చికలో ఈనాలి పెద్దమ్మ అరిటాకు విప్పుకుని కూర్చుంది, అమ్మకూ మామయ్యకూ అక్క, నిన్నటి ఓడలో దిగింది, పొద్దుటంతా ప్రేక్షకుల వరసలోంచి సొంతింటి పెళ్ళి చూసినట్టు సభను చూసింది, సభలో మాట్లాడేది పెద్దదీవి భాష, ఆవిడకు ఒక్క ముక్క రాదు, రావే, ఏమిటీ ఇలా చిక్కిపోయావు, ఇక్కడ తిండి పెట్టరా, ఊరికే కూర్చోబెడతారా, అంటూ కాల్చిన చేప ముళ్ళు తీసి, ఉడికిన చేమదుంప నలిపి, ముద్ద చేసి చేతిలో పెట్టింది, ఎంత ఒద్దికగా కూర్చున్నావే, గదిలో ప్రతివాడూ నిన్నే చూస్తుంటే నాకు గుండె పొంగిపోయిందనుకో, ఇంత చదువు చదివీ తొమాసి ఎదుట తల ఎత్తలేదు మా పిల్ల అని ఊళ్ళో అందరికీ చెప్తాను, ఆ ముద్ద ఉప్పగా ఉంది, చేప ఉప్పో ఏమిటో, వచ్చే ఓడకి ఎండుచేపలు పంపిస్తా, ఆఁ, ఇంకోటి, నా కూతురు రువేనికి నెలలు దగ్గర పడుతున్నాయి, కాన్పు కష్టమైతే ఓడెక్కించి ఇక్కడి ఆస్పత్రికి తెస్తాం, నీ గదిలో ఇద్దరికి చోటుంటుందా, ఉంటుంది పెద్దమ్మా, అంది లుసాని, అన్నాక తన గొంతు తనకే పరాయిగా వినిపించింది, ఏ ఓడ, ఏ ఓడెక్కించి తెస్తారు, ఈ ఓడే కదా తనను చదువుకు తెచ్చింది, రేవులో పెద్దమ్మే కదా ఇంత తిండి మూటగట్టి ఇచ్చింది, అప్పుడూ ఇదే చేమదుంప, పెద్దమ్మా, ఆ గదిలో కూర్చుంటే ఒప్పుకున్నట్టు, మన ఓడ ఆపేస్తామన్నారు, నేను కూర్చున్నాను, అని చెప్పేసింది.

పెద్దమ్మ చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది, మామయ్య ఎదురుగా కూర్చుని ఉంటే ఎలా లేస్తాను చెప్పు, అంది లుసాని గబగబా, అదేమిటే, ఇంటికప్పు నేసేటప్పుడు ఎలా ఎక్కేదానివి, కొబ్బరిచెట్టు ఎలా ఎక్కేదానివి, మామయ్యా మొహం తిప్పుకో అంటే వాడు అటు తిరిగేవాడు, నువ్వు ఎక్కేదానివి, అడిగితే తిప్పుకోక చస్తాడా, వాడు స్పీకరైతే మాత్రం, పట్నం వచ్చి అదీ మర్చిపోయావా, అవును మర్చిపోయాను అంటే సరిపోతుంది, పెద్దమ్మే దారి చూపించింది, తల ఊపితే చాలు, కానీ మర్చిపోలేదు, పొద్దున ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది, తనే మింగేసింది, అడిగితే ఆయన తప్పక తిప్పుకుంటాడని తెలుసు, తిప్పుకుంటే ఇక కూర్చోవడానికి సాకు మిగలదనీ తెలుసు, మర్చిపోలేదు పెద్దమ్మా, అంది, పెద్దమ్మ మిగిలిన చేప ఆకులో చుట్టింది, చేతులు నడుముగుడ్డకు తుడుచుకుంది, మొహం చూడకుండా, మధ్యాహ్నం కూడా వచ్చి చూడనా, వద్దా, అని అడిగింది.

గంట కొట్టారు, మళ్ళీ చాప, మళ్ళీ మెడలు, ప్రేక్షకుల వరసలో పెద్దమ్మ ఎక్కడ కూర్చుందో చూసే ధైర్యం లేదు, స్పీకరు గొంతు సవరించుకుని బిల్లు పేరు చదువుతున్నాడు, ఈ సిగ్గు మంట కాస్త చల్లారాలి, ముందు మామయ్యకు చెప్పుకోవాలి, పదవి వద్దనాలి, శుభ్రపడ్డాక లేవాలి, అనుకుంటోంది, అనుకుంటూనే ఇదీ కూర్చోవడానికే అని తెలిసిపోయింది, లేచినంత మాత్రాన పొద్దున కూర్చున్నది పోదు, పెద్దమ్మ ఊళ్ళో గొప్పగా చెప్పుకుందామనుకున్న మాట తిరిగిరాదు, సిగ్గు పోయాక లేద్దామనుకుంటే ఈ జన్మకు లేవదు, సిగ్గు మోకాళ్ళలో ఉండగానే లేవాలి, ఒప్పుకోనివాళ్ళు లేవండి, అన్నాడాయన పెద్దదీవి భాషలో, దానికి జవాబుగా సభలో ఎన్నడూ వినపడని ఒలూమి భాషలో, కూర్చున్న చోటు నుంచే, మామయ్యా, మొహం తిప్పుకో, అంది లుసాని.